ముత్యమూ మోతియా

తల్లి వరహాలమ్మ గారి కుడికంటి శుక్లం తీయించి, భోజనాల వేళకల్లా రాయ్‌పూర్ మోవాలోని ఇంటికి చేర్చెయ్యాలని ఆ ఉదయం గిరిధర్ అనుకున్నాడు. ఉర్లాలో అతను పనిచేసే ఇనుము ఫ్యాక్టరీవాళ్లు ఒక్కపూటే సెలవిచ్చారు.

వెనకటికి బొబ్బిలిలో వరహాలమ్మ గారి అమ్మకి ఇదే ఆపరేషన్ చేసి, తలకి అటూ ఇటూ ఇసుక సంచులు పెట్టి వారంపాటు కదలనివ్వలేదు. ఇప్పుడు కుట్టు కూడా లేదు, పది నిమిషాల పని. అది నిజంగానే పది నిమిషాల్లో అయిపోయింది. మిగతా రోజంతా ముక్కుపుడక తినేసింది.

లోపలికి వెళ్లేముందు నగలు తీయమన్నారు. గాజులూ గొలుసూ కోడలు సాయిలక్ష్మికి ఇచ్చారు గానీ, ముత్యపు ముక్కుపుడక మాత్రం ఆవిడ ఎవరి చేతికీ ఇవ్వలేదు. పెళ్లైన కొత్తలో భర్త అచ్చయ్య గారు రాజిం మేళాలో కొని, స్వయంగా ముక్కుకి పెట్టిన పుడక అది. ఆయన పోయాక దాన్ని తీసెయ్యమన్న చుట్టాలతో ఆవిడ మాటలే మానేశారు.

ఆపరేషన్ అయ్యాక కంటికట్టుతో కూర్చుని ముందుగా ముక్కు తడుముకున్నారు. దాన్ని ఎక్కడ దాచారో కంగారులో మరిచిపోయారు.

"మోతీ కహాఁ?" అని నర్సు ప్రియదర్శినిని అడిగారు.

రాయ్‌పూర్‌లో ముత్యం మోతీ, శుక్లం మోతియా. నలభై ఏళ్లున్నా ఆవిడ హిందీ కూరగాయల బండి దాటి పోలేదు.

"మోతియా? మశీన్‌నే చూర్ చూర్ కర్‌కే ఖీంచ్ లియా, మాజీ!" అంది నర్సు సంబరంగా.

"ఒరే గిరీ! నా ముత్తేన్ని మిషన్లో ఏసి పిండి సేసీసార్రా!"

ఏడిస్తే కంటికి మంచిది కాదన్నారు. ఆవిడేమో ఏడుపు ఆపడం లేదు. గిరిధర్ డాక్టరు గదిలోకి దూసుకెళ్లాడు. అతనికి హిందీ బాగా వచ్చు, కోపంలో మాత్రం రాదు.

"అమ్మా కా మోతీ కిధర్ హై, సాబ్?"

మోతీ అన్నా మోతియా అన్నా కంటి డాక్టరుకి ఒకేలా వినిపిస్తుంది. "పూరా నికాల్ దియా! ఒక్క టుకడా భీ నహీఁ ఛోడా," అన్నాడాయన, ముక్క మిగల్చకుండా తీసేశానన్న గర్వంతో, తనకొచ్చిన ఒకే ఒక్క తెలుగు మాట కలిపి.

గిరిధర్ బల్ల గుద్దాడు. బయట హాల్లో "లోపల ముత్యాలు లాగేస్తున్నారట" అని ఎవరో అన్నారు. కంట్లో చుక్కలు వేయించుకుని వంతు కోసం కూర్చున్న ఇద్దరు, ఆ మసక చూపుతోనే టాటీబంధ్ వెళ్లే ఆటో ఎక్కేశారు.

అసలు సంగతి తేలాక చెత్తబుట్టలు బోర్లించారు, మిషన్ సంచీ విప్పారు. ముత్యం లేదు. ఈసారి ప్రియదర్శిని ఏడవడం మొదలెట్టింది. ఆస్పత్రి పరువు పోతుందని డాక్టరు గుట్టుగా సదర్ బజారులోని నగల కొట్టుకి మనిషిని పంపి, అలాంటిదే ఇంకో ముక్కుపుడక తెప్పించాడు.

మర్నాడు ఉదయం కట్టు విప్పి, "మిల్ గయా, మాజీ," అని పోయిందే దొరికినట్టు దాన్ని చేతిలో పెట్టాడు.

వరహాలమ్మ గారు చెయ్యి బారజాపి, ఎడమకన్ను మూసుకుని చూశారు.

"ఇది నాది కాదు. నాదానికి నడిమిని సన్నటి అతుకు గీతుంటాది."

"ముత్యానికి అతుకేమిటమ్మా?" అన్నాడు గిరిధర్.

"ముత్తేనికి ఎందుకుంటాది? నాది పలాస్టిక్‌ది."

గిరిధర్ స్టూలు లాక్కుని అమ్మ పక్కన కూర్చున్నాడు.

"పెట్టిన మర్నాడే అద్దంలో సూసాన్రా. మీ నాన్న మోసపోయారు. సెప్తే మొహం సిన్నబోతాదని, ఆయనున్నన్నాళ్లూ ముత్తేమనే మురిసాను. ఈ అసలుది నాకేటికి?" అంటూ ఆవిడ దాన్ని డాక్టరు చేతికి తిప్పి ఇచ్చేశారు. గిరిధర్‌కి నాన్న మీద బెంగ ముంచుకొచ్చింది.

అంతలో ఇంటినుంచి సాయిలక్ష్మి పరుగున వచ్చింది. నిన్న గౌను తొడగడానికి విప్పిన చీరని ఉతకబోతే, కొంగు ముడిలో ముక్కుపుడక తగిలిందట. అత్తగారు దాన్ని లాక్కుని పెట్టేసుకున్నారు.

గిరిధర్ హిందీలో అంతా చెప్పాక డాక్టరు భూతద్దం తెచ్చి వంగి చూశాడు. గీత ఉంది, భూతద్దంలో మాత్రమే కనిపించేంత సన్నగా. ఇక అక్షరాల బోర్డు చదివించకుండానే, చీటీ మీద 'చూపు ఆరుకి ఆరు' అని రాసేశాడు.