అరటిపండు బేగలూ, బేగా ఫైలూ

చుట్టూ పిండి, మధ్యలో బొక్క ఉన్న ఏ పదార్థమైనా ప్రభుత్వానికి తెలియకుండా ఈ భూమ్మీద ఎక్కువకాలం నిలవజాలదు. ఆళ్లగడ్డలో ట్యూషన్లు చెప్పుకునే సలోమి ఈ సత్యం తెలియకే, ఫోన్లో చూసి అరటిపండు బేగల్ అనే పరదేశపు రొట్టె చేసింది.

మాగిన పండ్లు పిసికి మైదాలో కలిపి, ఈస్టు వేసి పొంగనిచ్చి, చుట్టలు చేసి, మరిగే నీళ్లలో ముంచి తీసి, ఆపైన ఓవెన్లో కాల్చింది. మొదట్లో రాళ్లయ్యాయి. (అందులో ఒకటి ఇప్పటికీ పెరటి తలుపు గాలికి కొట్టుకోకుండా కాపాడుతోంది.) చివరికి కుదిరాయి. భర్త శాంసన్ ఒకటి కొరికి, వడ మెత్తగా ఉండాదే అన్నాడు. సలోమి అతని చేతిలోంచి మిగతా ముక్క లాక్కుంది. చర్చి కోత పండుగలో అంగడి పెట్టి, ఊరందరి నోటా దాన్ని బేగల్ అనిపించకపోతే తన పేరు సలోమి కాదనుకుంది.

కొత్త తిండికి అనుమతి కాగితం కావాలన్నారు చర్చి కమిటీవారు. కాగితమిచ్చేది నంద్యాలలోని గృహ తినుబండారాల వర్గీకరణ కార్యాలయం. అధికారి సుందరరాజుగారు నిదానస్థుడు. దరఖాస్తు మీద 'విషయం: బేగల్' అన్నది చూసి, కళ్లద్దాలు తీసి తుడుచుకున్నారు.

"బేగా బేగా అంటే యాడైతాదమ్మా? ఆఫీసుకొక పద్ధతుండాది."

బేగా కాదు, బేగల్, అది తినేదని ఆమె చెప్పేలోగానే కాగితం తొందర ఫైళ్ల విభాగానికి వెళ్లిపోయింది. మామూలు ఫైళ్లన్నీ అయ్యాకే తొందర ఫైళ్లు తెరవాలని నిబంధన (తొందరపడని పౌరులకు అన్యాయం జరగకూడదు గదా).

కాళ్లరిగేలా తిరిగాక ఫైలు తెరుచుకుంది. నీళ్లలో ఉడుకుతుంది కనుక కుడుము, కాలుతుంది కనుక బన్ను, పండు ఉంది కనుక ఫలహారం, బొక్క ఉంది కనుక వడ. ఒకే పదార్థం నాలుగు గళ్లలో కూర్చోవడం నేరం కాదుగానీ మర్యాద కాదన్నారు సుందరరాజుగారు. రుచి చూసి తేల్చమని సలోమి డబ్బా మూత తీసింది. అనుమతి లేని పదార్థాన్ని అధికారి నోట పెట్టరాదని ఆయన మూత పెట్టేశారు. పోనీ పాపం అని ఒక దారి కూడా చూపించారు.

"ఆ బొక్క పూడ్చి తేమ్మా. బన్నని రాసిస్తా."

"పూడిస్తే బేగల్ యాడిది సార్?"

ఆ ప్రశ్నను సుందరరాజుగారు పై కార్యాలయానికి పంపారు.

జవాబు రాకుండానే పండుగ వచ్చేసింది. పొద్దున్నే చేసిన సరుకు బుట్టలో ఉంది, చేతిలో కాగితం లేదు. కమిటీవారు జాలిపడి, వడలకైతే అనుమతి అక్కర్లేదన్నారు. సలోమికి ఏడుపొచ్చింది. అట్ట మీద తన చేత్తోనే 'అరటిపండు వడలు' అని రాసుకుంది. శాంసన్ అట్ట చదివి, గబగబా బుట్ట సర్దే పనిలో పడ్డాడు. (అతనికి ప్రాణం మీద తీపి ఉంది.)

ప్రార్థన అయ్యాక మొదట వచ్చింది సుందరరాజుగారే. అత్తగారిది ఆళ్లగడ్డేనట. ఒకటి తిని, ఇంకొకటి తీసుకుని, పిల్లలకని పొట్లం కట్టించుకున్నారు.

"శానా బాగుండాయమ్మా ఈ వడలు," అన్నారు మూతి తుడుచుకుంటూ. "నీ బేగల్ గూడా ఇట్ల చేసింటే, అనుమతి బేగా వచ్చుండు."