పద్నాలుగు సెకన్ల తెర

ఆ రోజు పొద్దున్న కర్టెన్ల షాపు యజమాని వేసుకున్న పథకం చాలా చిన్నది. పదకొండు గంటల్లోపు తన వెబ్‌సైటుకి కొత్త తెర కట్టాలి. పెద్ద రోడ్డు మీద కొత్తగా లేచిన ఆస్పత్రికి ఎనభై మంచాల చుట్టూ కర్టెన్లు కావాలి. అక్కడ కొనుగోళ్ళు చూసే ఆఫీసరమ్మ ముందురోజు ఫోన్ చేసి, "షాపులు తిరిగే తీరిక లేదండీ నాకు. పొద్దున్నే సైట్లు చూసుకుంటా. నచ్చినవాళ్ళకి పదకొండింటికి ఫోన్ చేస్తా," అని పెట్టేసింది. అప్పట్నుంచీ ఆయన కాలు నేల మీద నిలవలేదు.

సైటుకి తెరేమిటని అడక్కండి. ఆయన సైటు అందరి సైట్లలా టక్కున తెరుచుకునే రకం కాదు. ముందు ఎర్ర మఖమల్ తెర ఒకటి ప్రత్యక్షమవుతుంది. అది మధ్యకి చీలి, కుచ్చిళ్ళు ఊపుకుంటూ, పద్నాలుగు సెకన్ల పాటు రెండు పక్కలకీ తీరిగ్గా జరుగుతుంది. లోపలి సరుకు దర్శనం ఆ తరవాతే. అది కూడా చూసేవాడి ఫోన్ కొత్తదీ, ఓపిక పెద్దదీ అయితేనే. "మనం అమ్మేది తెరలు. తెర తీయకుండా సరుకు చూపిస్తే మనకీ చెప్పుల షాపుకీ తేడా ఏముంది?" అన్నది ఆయన సిద్ధాంతం. దీన్ని మెచ్చుకున్నవాడు లోకంలో ఒక్కడే. వాడు ఆయన బావమరిది, ఆ సైటు కట్టిన ఘనుడు.

యజమాని భార్య షాపు మేడమీద కుట్టుగది చూసుకుంటుంది. ఆయన కింద కూర్చుని కస్టమర్ల కొలతలు తప్పు రాసుకుంటాడు, ఆవిడ పైన కూర్చుని వాటిని సరిచేసి కుట్టిస్తుంది. పన్నెండేళ్ళుగా వ్యాపారం ఈ ఏర్పాటు మీదే నడుస్తోంది, ఆయన మాత్రం తన మీద నడుస్తోందనుకుంటాడు. మేడమీద నాలుగు మిషన్లున్నాయి. మూడు నెలలుగా పని పల్చబడి, అందులో రెండింటికి గుడ్డ కప్పే పరిస్థితి వచ్చింది. ఆ రెండు మిషన్ల మీద కుట్టే ఆడవాళ్ళిద్దరికీ ఆస్పత్రి ఆర్డరొస్తేనే వచ్చే నెల పని ఉంటుంది. ఈ మాట వాళ్ళకి ఎలా చెప్పాలో తెలియక ఆవిడ వారం రోజులుగా సతమతమవుతోంది.

అందుకే ఆ పొద్దున్న కాఫీ గ్లాసు ఆయన చేతికిస్తూ ఇంకోసారి ప్రయత్నించింది.

"ఏమండీ, నా మాట వినండి. ఆ తెర తీసెయ్యండి. గుడ్డ రకం, కొలతలు, ఎన్ని ఉతుకులకి నిలుస్తుందో, మన ఫోన్ నంబరు. ఆస్పత్రివాళ్ళకి అంతకంటే ఏం కావాలి?"

"నీకు తెలీదు, ఊరుకో. నాటకానికి తెర లేస్తుంటే జనం ఎలా చూస్తారు? కళ్ళార్పుతారా?"

"నాటకానికైతే టిక్కెట్టు కొనుక్కుని వస్తారండీ. లేచి పోలేరు. ఇక్కడ వేలితో ఒక్క తోపు తోస్తే పక్క షాపులో ఉంటారు. నిన్న నా ఫోన్లోనే తెరుచుకోలేదు."

"నీ ఫోన్‌కి అంత స్థాయి లేదు," అన్నాడాయన. ఆవిడ మెట్లెక్కి వెళ్ళిపోయింది.

తొమ్మిదింటికి బావమరిది ల్యాప్‌టాప్ చంకన పెట్టుకుని దిగాడు. ఒకప్పుడు ఎవరి ఆఫీసులోనో మొరాయించిన ప్రింటర్‌ని ఆపి మళ్ళీ వేసి బాగు చేశాడు. ఆ ఒక్క ఘనకార్యంతో చుట్టాలందరిలో కంప్యూటర్ పండితుడిగా స్థిరపడిపోయాడు. సైటు తెరవగానే పైన ఎర్ర అక్షరాల్లో "ముప్ఫై ఏడు అప్‌డేట్లు చేయవలసి ఉన్నవి" అని కనబడింది. అది ఏడాదిగా కనబడుతూనే ఉంది.

"అదేంట్రా?" అన్నాడు యజమాని.

"ఏదో ప్రకటన బావా. పట్టించుకోకు," అన్నాడు పండితుడు.

కొత్త తెర అంటే బంగారు రంగు జరీ తెర. అది తొలగుతుంటే వెనకాల సూటు వేసుకున్న యజమాని రెండు చేతులూ చాపి నిలబడి ఉంటాడు. ఈ వీడియోని అద్దెకి తెచ్చిన పెద్ద కెమెరాతో తీశారు. దాంతోపాటు షాపులోని నూట పది రకాల కర్టెన్ల ఫోటోలు కూడా అదే కెమెరాతో తీశారు. ఒక్కో ఫోటో ఎంత బరువుందంటే అది సైటులోకి ఎక్కేలోపు మనిషి స్నానం చేసి రావచ్చు. బావమరిదికి కూడా ఎక్కడో చిన్న అనుమానం తగిలింది.

"బావా, వీటిని కొంచెం చిన్నవి చేద్దామా? బరువైపోతున్నాయి."

యజమాని నవ్వాడు. ఇరవై ఏళ్ళుగా గుడ్డ పట్టుకుని చూసిన మనిషి. అరచేతిలో వేసుకుని తూచి, బరువు తగిలితే మంచి సరుకనీ, తేలితే చవక సరుకనీ తేల్చేసే చెయ్యి అది. "పిచ్చివాడా! బరువుంటేనేరా గుడ్డకి వాలు. తేలిగ్గుంటే గాలికి లేచిపోతుంది. ఇంకా బరువైనవి ఉంటే పెట్టు," అన్నాడు. గుడ్డకి చెల్లే రూలు ఫోటోకి చెల్లదని ఆయనకి చెప్పవలసినవాడు సెబాసన్నట్టు తలూపి, ఇంకో ఇరవై ఫోటోలు ఎక్కించాడు.

"పాతదాన్ని ఎక్కడైనా దాచి ఉంచుదామా బావా, ఒకవేళ తేడా చేస్తే?" అని మాత్రం అడిగాడు.

"గుడ్డ తానుకి ఎవడైనా జిరాక్స్ తీయించుకుంటాడ్రా? కానీ!"

పది గంటలకి ఎక్కింపు పూర్తయింది. యజమాని కుర్చీ ముందుకి లాక్కుని, కళ్ళజోడు తుడుచుకుని కూర్చున్నాడు. జరీ తెర వచ్చింది. మధ్యలో చిన్న గుండ్రటి చక్రం తిరగసాగింది. అది తిరిగింది, తిరిగింది, ఇంకా తిరిగింది. తెర మాత్రం ఇంచీ కదల్లేదు.

"షాపులో నెట్టు బాగోలేదేమో బావా," అన్నాడు బావమరిది.

"అయితే మనవాళ్ళని చూడమందాం," అంటూ యజమాని ఫోన్ తీసి, చుట్టాల గ్రూపులో సైటు అడ్రసు పెట్టాడు. ఆ గ్రూపులో అరవై రెండు మంది ఉన్నారు. పొద్దున్న పదింటికి వాళ్ళలో ఒక్కరికీ పని ఉన్నట్టు లేదు. "పాత ఎర్ర తెరే వస్తోంది" అని అన్ని దిక్కుల నుంచీ జవాబులు కురిశాయి.

"కొత్తది ఇంకా బయటికి వదల్లేదు కదా. పాస్‌వర్డ్ కొట్టి లోపలికి వెళ్ళినవాళ్ళకే కనబడుతుంది," అన్నాడు బావమరిది.

అది విన్న ఏ మనిషైనా ఏం చేస్తాడు? సైటుని బయటికి వదులుతాడు. మనవాడు పాస్‌వర్డ్‌ని బయటికి వదిలాడు. ఏడూ నాలుగూ ఏడూ నాలుగు. గుమ్మం కర్టెను ఏడడుగులు పొడుగు, నాలుగడుగులు వెడల్పు కదా, మర్చిపోకుండా ఉంటుందని పెట్టుకున్నది.

"బావా! పాస్‌వర్డ్ అలా అందరికీ..." అని బావమరిది ఆపబోయాడు.

"పరాయివాళ్ళెవరున్నార్రా అందులో? అందరూ మనవాళ్ళే!"

మనవాళ్ళు లోపలికి వెళ్ళారు. ఒకరి వెనక ఒకరు, ఒకరిని చూసి ఒకరు, తగుదునమ్మా అని వెళ్ళారు. మేనత్తకి అక్కడ పెద్ద అక్షరాలతో రాసుకునే గడి ఒకటి కనబడింది. అది ఉత్తరం రాసుకునే చోటనుకుని, "నాయనా, తెర ఊడిరావడం లేదు. నీ మొలల బాధ ఎలా ఉంది? మందు మానకు," అని ఆప్యాయంగా రాసింది. అది షాపు పేరు ఉండే చోటు. బాబాయి అందులోకి వెళ్ళి, ఒకే రకం ఫోటోలు మరీ ఎక్కువున్నాయని తొంభై పీకేశాడు. ఆ చేత్తోనే తన వాటా ఇంట్లో రెండు గదులు అద్దెకున్నాయని ఫోటోలతో సహా పెట్టాడు. అక్కడితో ఆగినా బాగుండేది. పక్కనే నీలం బటన్ ఒకటి తళతళలాడుతుంటే దాన్ని నొక్కాడు.

యజమానికి ఫోన్ మోగింది.

"ఒరేయ్, నీలం బటన్ ఒకటుంటే నొక్కానురా. 'లోకానికి విడుదలైంది' అంటోంది. మంచిదేనా?" అన్నాడు బాబాయి.

పది గంటల ఇరవై ఐదు నిమిషాలకి ఆ సైటు తెరిచిన లోకానికి ఆయన మొలల సంగతి ముందు, రెండు గదుల వాటా తరవాత కనబడుతున్నాయి. మిగిలిన కర్టెన్లు కదలని తెర వెనకాలే ఉండిపోయాయి.

"తీసెయ్యరా! ముందు మొలలు తీసెయ్!" అని ఆయన గావుకేక పెట్టాడు. రోడ్డు మీద పోయేవాళ్ళు ఆగి చూశారు.

బావమరిది గబగబా పాస్‌వర్డ్ కొట్టాడు. లోపలికి రానివ్వలేదు. మళ్ళీ కొట్టాడు. మొత్తానికి హోస్టింగ్ కంపెనీకి, అంటే ఈ సైటుని తమ కంప్యూటర్లలో ఉంచి నడిపే వాళ్ళకి, ఫోన్ చేశారు. అవతల ఒకమ్మాయి చాలా మర్యాదగా మాట్లాడింది.

"సర్, మీ సైట్ మీద దాడి జరుగుతోంది. పది నిమిషాల్లో ముప్ఫై ఒక్క చోట్ల నుంచి లోపలికి దూరారు. అందుకే తాళం వేసేశాం."

"దాడి కాదమ్మా, వాళ్ళు మా చుట్టాలు!"

"సారీ సర్, మా సిస్టమ్‌కి ఆ తేడా తెలీదు," అంది ఆ అమ్మాయి. "పాత కాపీ ఏదైనా దాచుకుని ఉంటే చెప్పండి, అది పెట్టేస్తాం. లేకపోతే విచారణకి రెండు రోజులు పడుతుంది."

యజమాని బావమరిది వంక చూశాడు. బావమరిది గుడ్డ తానుల వంక చూశాడు.

పదకొండుకి పది నిమిషాలుంది. సైటు తెరిస్తే తెల్లటి కాగితం లాంటి పేజీ మీద "ప్రస్తుతం అందుబాటులో లేదు" అన్న ముక్క మాత్రమే వస్తోంది. జరీ తెరా లేదు, సూటూ లేదు. యజమానికి మొదటిసారి భయం వేసింది. పోయింది సైటు కాదు, ఆర్డరు. మేడమీద మిషన్లు టకటకమని నడుస్తున్న చప్పుడు వినబడుతోంది. పైకి వెళ్ళి ఏ మొహం పెట్టుకుని చెప్పాలి? షాపు ఫోన్ ముందుకి లాక్కుని కూర్చున్నాడు.

పదకొండయింది. షాపు ఫోన్ మోగలేదు. పదకొండూ అయిదు. మోగలేదు. పదకొండూ పదికి మేడమీద మిషన్లు ఒక్కసారిగా ఆగిపోయాయి. తరవాత ఆడవాళ్ళు ఏదో గట్టిగా అరవడం, నవ్వడం వినిపించింది. భార్య చకచకా మెట్లు దిగి వచ్చింది. మొహం వెలిగిపోతోంది.

"ఏమండీ, ఆర్డరొచ్చింది! ఎనభై మంచాలకీ! ఇద్దరిలో ఒక్కరినీ మానిపించక్కర్లేదు," అని కొంగుతో కళ్ళు తుడుచుకుంది.

యజమాని దిగ్గున లేచాడు. నడుం నిటారైంది, రంగు తిరిగొచ్చింది. "చూశావా! నేను చెప్పలా? ఎంత బరువైన తెర పెట్టాను! ఆవిడ చూసి ఉంటుంది, మొలలకి ముందు చూసి ఉంటుంది!"

"మొలలేంటండీ?" అంది భార్య. బావమరిది టేబుల్ కింద ఏదో వెతుక్కోసాగాడు. ఆవిడే మళ్ళీ అంది. "మీ సైటు తెరవాలని చూసి చూసి విసుగొచ్చిందట ఆవిడకి. ఎదురు వీధి షాపువాళ్ళ సైటేమో ధర చెప్పడానికి ముందు పన్నెండు గళ్ళు నింపమందట. ఇంకా వెతుకుతుంటే నా పేజీ కనబడిందట. వేలు తీసేలోపు తెరుచుకుందంది."

"నీ పేజీయా?"

"మీ సైటు తెరుచుకోవట్లేదని కస్టమర్లు మేడమీదికి ఫోన్లు చేసి నన్ను తిడుతుంటే ఎన్నాళ్ళు పడను? కుట్టుగది పేరు మీద నేనే ఓ పేజీ పెట్టుకున్నా. రెండు మధ్యాహ్నాలు పట్టింది. మూడు చిన్న ఫోటోలు, కొలతలు, ధరలు, ఫోన్ నంబరు. సోమవారం సోమవారం మిషన్లకి నూనె వేస్తాం కదా, ఆ రోజే దానికీ అప్‌డేట్లు చేసి, ఓ కాపీ తీసి బీరువాలో పెడతా."

"నాతో ఒక్క మాట చెప్పలేదేం?"

"చెబితే దానికీ ఓ తెర కట్టేవారు."

బావమరిది టేబుల్ కిందే ఉండిపోయాడు. యజమాని కళ్ళజోడు తుడుచుకుని, "సరే, పోనీలే. ఎవరికొచ్చినా ఇంటికొచ్చినట్టే. గుడ్డ మన షాపులోదేగా," అన్నాడు.

"అదీ మాట్లాడాలండీ. ఆర్డరు కుట్టుగదికొచ్చింది, సరుకు తేడా వస్తే మాట నా మీదే పడుతుంది. గుడ్డకి ఇంకో ఇద్దరిని కూడా ధర అడిగాను. మూడూ చూసి ఎవరిది బాగుంటే వాళ్ళ దగ్గర తీసుకుంటా. మీ ధర కూడా ఒంటిగంటలోపు మీ సైటు నుంచి నాకు పంపండి," అని ఆవిడ పైకి వెళ్ళిపోయింది. మిషన్లు నాలుగూ మళ్ళీ మొదలయ్యాయి.

మధ్యాహ్నం పన్నెండున్నరకి యజమాని తన ధరలన్నీ తెల్ల కాగితం మీద పెన్నుతో రాసుకుని, మేడెక్కి, గుడ్డ ధర చెప్పడానికి అప్పటికే వచ్చి కూర్చున్న ఇద్దరి వెనకాల నిలబడ్డాడు.