బుచ్చెన్న బండికి లక్క సీలు

ఒక పెద్ద అడవిలో రోడ్డు పడింది. రోడ్డు పడ్డాక కార్లు రాకుండా ఉంటాయా? వచ్చాయి. వాటి వెనకే కార్లమ్మే కంపెనీ కొట్టు, కొట్టు వెనక రిపేరు షెడ్డు, షెడ్డు పక్కన గ్యారంటీ ఆఫీసు, ఒకదాని తోక పట్టుకుని ఒకటి వచ్చేశాయి. నాలుగేసి కాళ్లున్నవాళ్లకి కార్లెందుకని ఒక ముసలి తాబేలు అడిగింది. దానికి అభివృద్ధి అంటే గిట్టదని తీర్మానించి అందరూ కలిసి మడుగులోకి తోసేశారు. తాబేలుకీ కావలసింది అదే కాబట్టి గొడవ అంతటితో సద్దుమణిగింది.

ఆ అడవిలో బుచ్చెన్న అనే ముళ్లపంది ఉండేవాడు. మంచివాడే కానీ ఉత్త భయస్తుడు. భయమేస్తే ఒంటి మీది ముళ్లు వాటంతటవే లేచి నిలబడేవి కాబట్టి తెలియనివాళ్లు ఆయన్ని కోపిష్టి అనుకునేవారు. అసలు కోపం ఆయన భార్య చుక్కమ్మది.

టాక్సీ తిప్పుకుని బతుకుదామని బుచ్చెన్న ఉన్న ఒక్క బొరియనీ కంపెనీకి రాసిచ్చేసి కారు కొన్నాడు. ఆ రోజు నుంచి వాళ్లకి వెనక సీటే పడకగది, డిక్కీయే వంటిల్లు. చుక్కమ్మ కాళ్లు చాపుకుని పడుకోవాలంటే ఒక తలుపు తీసి పెట్టుకోవాలి. తలుపు తీస్తే దోమలు. అందుకని ముడుచుకునే పడుకునేది.

కొట్లో బండ్లమ్మే పని చిలుకది. ఎవరొచ్చినా ఒకటే మాట, ఒకటే వరస.

"టైరు నుంచి హారను దాకా ఐదు వర్షాకాలాల గ్యారంటీ అన్నా! ఏ పార్టు పోయినా కొత్తది వేసిస్తాం అన్నా! కళ్లు మూసుకుని తిప్పుకో అన్నా!" అనేది. ఆడ జింకలకి కూడా అన్నా అనే చెప్పేది.

"ఏ పార్టు పోయినానా?" అన్నాడు బుచ్చెన్న నమ్మలేక.

"ఏ పార్టు పోయినా అన్నా. ఒక్కటే షరతు. బానెట్ గొళ్లెం మీద ఎర్ర లక్క సీలు చూశావుగా? అది ఊడకూడదు. బానెట్ మా షెడ్డులోనే తెరవాలి. నీళ్లు పోసినా మేమే, ఆయిలు పోసినా మేమే. సీలు ఊడితే గ్యారంటీ ఊడినట్టే అన్నా."

బుచ్చెన్న ఆ మాటని గుండెల్లో పెట్టుకున్నాడు. చుక్కమ్మ ఇంకో మెట్టు పైకెళ్లి ప్రతి శుక్రవారం ఆ సీలుకి పసుపు రాసి బొట్టు పెట్టేది. వానొస్తే బుచ్చెన్న పరిగెత్తుకెళ్లి దాని మీద టేకాకు కప్పేవాడు. లోపల ప్రయాణికులు తడుస్తున్నారా లేదా అన్నది తర్వాతి సంగతి.

ఇలా ఉండగా సింహంగారి కొలువు నుంచి దండోరా పడింది. కొండ మీది ఉప్పునేలకి టాక్సీ నడపడానికి ఒకే ఒక బండికి పర్మిట్ ఇస్తారట. నిండా జనాన్ని ఎక్కించుకుని మధ్యలో ఆగకుండా కనుమ ఎక్కిన బండికే పర్మిట్. నీళ్లకి ఆగితే మాత్రం ఆగినట్టు కాదు. దాహమైనవాణ్ణి నిలబెట్టి ప్రశ్నలడగకపోవడం ఆ అడవిలో మొదటి నుంచీ ఉన్న మర్యాద.

ఉప్పు నాకని జంతువు ఉండదు కాబట్టి ఆ పర్మిట్ దొరికితే జన్మకి దిగులుండదు.

"పర్మిట్ వస్తే మళ్లీ ఓ బొరియ కొనుక్కుందామయ్యా. చిన్నదైనా సరే. నాకు ఒక్క రాత్రి కాళ్లు బారజాపుకుని పడుకోవాలని ఉంది," అంది చుక్కమ్మ. ఎప్పుడూ కసిరే మనిషి అంత మెల్లగా అడిగేసరికి బుచ్చెన్న లేచి బండి తుడవడం మొదలెట్టాడు. ఆ కోరిక ఎలాగైనా తీర్చాలనుకున్నాడు.

తీరా బండిని కనుమ దగ్గరికి తీసుకెళ్లి చూస్తే రెండో మలుపులోనే ఆయాసపడి మూలుగుతోంది. దాంతో చింతచెట్టు కింద మెకానిక్ షెడ్డు పెట్టుకున్న కొండముచ్చు గంగులు దగ్గరికి వెళ్లాడు.

గంగులు బండి చుట్టూ ఒకసారి తిరిగి పెదవి విరిచాడు. "కంపెనీవాళ్లు బండి గొంతు నొక్కి అమ్ముతారన్నా. గాలి పీల్చేచోట పెద్ద ఫిల్టరు పెడదాం. పొగ వదిలేచోట లావుపాటి పైపు వేద్దాం. ఇంజనుకి చిప్పొకటి ఉంటుంది, దానికి నాలుగు మంచి మాటలు చెబుతా. ఆ తర్వాత కనుమ నీకు బల్లపరుపే."

"మరి గ్యారంటీ?"

ఆ మాటకి పక్కనే నిలబడ్డ అడవిపంది కొండప్ప పడీపడీ నవ్వాడు. ఆయనదీ అదే మోడలు కారు, ఆయనా పర్మిట్ కోసం పోటీలో ఉన్నవాడే. కాకపోతే ఆ కారుకి బానెట్టే లేదు. ఇంజను పేగులన్నీ బయటపెట్టుకుని నిలబడి ఉంది.

"బానెట్ ఏమైందయ్యా?" అన్నాడు బుచ్చెన్న కంగారుగా.

"ఇంట్లో గడ్డిమోపులో దాచా. బరువు తగ్గితే వేగం పెరుగుతుంది. సీలు చెక్కుచెదరకుండా గొళ్లెం చుట్టూ రేకు కోయించి, ఉన్నదున్నట్టు ఎత్తి పక్కన పెట్టేశా," అన్నాడు కొండప్ప.

బుచ్చెన్న ముళ్లు సగం లేచాయి. గ్యారంటీ ఉన్న బండి రేకు కోయిస్తాడా! ఇంత బాధ్యత లేని పందిని ఎక్కడా చూడలేదనుకున్నాడు. తను అలాంటివాడు కాదు. ముందు ఆఫీసుకి వెళ్లి అడిగే చేస్తాడు.

గ్యారంటీ ఆఫీసరు గుడ్లగూబ గారు. చీకట్లో చీమ కాలు కూడా కనిపెట్టగలడన్న పేరు చూసి కంపెనీవాళ్లు ఆయనకి ఉద్యోగమిచ్చారు. ఇచ్చి, పగటి డ్యూటీ వేశారు. పాపం, ఎండలో ఆయనకి తన ముక్కే సరిగా కనపడదు. అయినా ఇన్నేళ్లలో ఒక్క రోజు సెలవు పెట్టి ఎరగరు.

"ఎవరది, ఏనుగుగారా?" అన్నారు బుచ్చెన్న లోపలికి రాగానే.

"ముళ్లపందినండి. నా బండికి లావు పైపు వేయించుకుంటే గ్యారంటీ పోతుందా అండి?"

"పోదు," అన్నారు గుడ్లగూబ గారు ఠక్కున. "కొలువువారి చట్టం చాలా స్పష్టంగా ఉంది. మీరు తగిలించిన సామాను వల్లే బండి చెడిందని మేము రుజువు చేస్తేనే గ్యారంటీ తీసెయ్యాలి. ఊరికే తీసెయ్యకూడదు."

బుచ్చెన్నకి ప్రాణం లేచి వచ్చింది. "ఎంత మంచి చట్టమండీ!"

"చట్టం మంచిదే. కానీ రుజువు చెయ్యాలంటే బండిని చూడాలి. చూడాలంటే నాకు రాత్రి కావాలి. రాత్రి ఆఫీసు ఉండదు. అందుకని మేము సీలు తడిమి చూస్తాం. సీలు ఉంటే గ్యారంటీ ఉంది, లేకపోతే లేదు. ఇందులో పక్షపాతానికి చోటే లేదు చూడండి."

అంత పారదర్శకంగా చెప్పే ఆఫీసరు దొరకడం అదృష్టం అనుకుంటూ బుచ్చెన్న గంగులు దగ్గరికి తిరిగొచ్చాడు. "సీలు జోలికి పోకుండా చేస్తావా?" అని అడిగాడు.

"బండి కింద పడుకుని చేస్తా. నీ సీలుకి నా ఊపిరి కూడా తగలదు," అన్నాడు గంగులు. అన్నట్టే చేశాడు. ఒక పూటంతా బండి కింద దూరి ఫిల్టరు, పైపు, చిప్పు అన్నీ అమర్చాడు. చివర్లో మాత్రం పైకి వచ్చి చేతులు తుడుచుకుంటూ ఒక మాటన్నాడు.

"అన్నా, లోపల ఇంజనుకి నీళ్లు పోయే గొట్టం కాస్త పలచగా ఉంది. అది కంపెనీ పెట్టిందే. బానెట్ తెరిస్తే ఒక్క క్షణంలో మార్చేస్తా."

"బానెట్టా!" అని అరిచాడు బుచ్చెన్న. ముళ్లన్నీ లేచి నిలబడ్డాయి. గంగులు చెట్టెక్కి కూర్చున్నాడు. గొట్టం సంగతి అక్కడితో ఆగిపోయింది.

పోటీ రోజు బుచ్చెన్న బండిలో ఎలుగుబంటి కుటుంబం మొత్తం ఎక్కింది. చుక్కమ్మ ముందు సీట్లో కూర్చుంది. పొద్దున్నే సీలుకి బొట్టు పెట్టి, కొబ్బరికాయ దొరక్క వెలక్కాయ కొట్టి మరీ వచ్చింది.

కొత్త పైపు మోతకి నెమళ్లు మబ్బు ఉరిమిందనుకుని పురివిప్పాయి. బండి రెండో మలుపు దాటింది, ఆయాసం లేదు. మూడో మలుపులో కొండప్ప బండిని దాటేసింది. బుచ్చెన్న పుట్టి బుద్ధెరిగాక అంత వేగంగా ఎప్పుడూ కదల్లేదు. చుక్కమ్మ కిటికీలోంచి తల బయటపెట్టి, వెనకబడ్డ కొండప్పని చూసి నవ్వింది. ఆవిడ నవ్వడం చూసి చాలా కాలమైందని బుచ్చెన్నకి అప్పుడే తట్టింది.

ఆఖరి మలుపు తిరిగారు. శిఖరం మీద కొలువువారి జెండా కనపడుతోంది. అప్పుడు బానెట్ సందుల్లోంచి ఆవిరి మొదలైంది.

ముందు సన్నగా వచ్చింది. తర్వాత బుసబుసమంటూ వచ్చింది. బండి రెండు దగ్గులు దగ్గి నిలబడిపోయింది.

ఎలుగుబంటి పెద్దాయన దిగి వాసన చూశాడు. "ఏం లేదు, నీళ్ల గొట్టం చీలింది. బానెట్ తియ్యి బాబూ. దానికింత నార చుట్టి, కడివెడు నీళ్లు పోస్తే చాలు. అదిగో, పక్కనే సెలయేరు. నీళ్లకి ఆగితే ఆగినట్టు కాదు కూడా."

ఎలుగు పిల్లలు అప్పటికే పరిగెత్తి కడవలతో నీళ్లు తెచ్చేశారు. బుచ్చెన్న బానెట్ కి అడ్డంగా నిలబడ్డాడు.

"ఎవరూ ముట్టుకోకండి! సీలు ఊడితే గ్యారంటీ పోతుంది!"

"గ్యారంటీ సంగతి తర్వాత, లోపల ఇంజను కాలిపోతోందయ్యా!"

"కాలిపోతే కంపెనీవాళ్లు కొత్తది ఇస్తారు. సీలు పోతే ఎవరిస్తారు?"

చుక్కమ్మ బండి దిగి వచ్చింది. "ఆ సీలుకి ఇన్నాళ్లూ బొట్టు పెట్టింది నేను. నేనే చెబుతున్నా, పగలగొట్టు! మన ఇల్లయ్యా అది! మనం పడుకునే ఇల్లు కాలిపోతోంది!"

"ఇల్లు కాబట్టే కదే!" అన్నాడు బుచ్చెన్న ఏడుపు గొంతుతో. భయంతో ఆయన ఒంటి మీది ముళ్లన్నీ లేచిపోయాయి. ఎలుగుబంటి కూడా దగ్గరికి వెళ్లలేకపోయింది. పిల్లలు నీళ్ల కడవలు పట్టుకుని అలాగే నిలబడ్డారు.

వెనక నుంచి కొండప్ప బండి వచ్చింది. దానికీ ఆవిరి వస్తోంది. కొండప్ప ఆగి, పిల్లల చేతిలోంచి ఒక కడవ అందుకుని తెరిచి ఉన్న ఇంజను మీద ధారగా పోసుకుని, థాంక్స్ చెప్పి, జెండా దాటి వెళ్లిపోయాడు.

బుచ్చెన్న కదల్లేదు. ఎంతసేపటికో కాళ్లకి వెచ్చగా ఏదో తగిలితే కిందికి చూశాడు. బానెట్ మీంచి ఎర్రగా ఒక ధార కారుతోంది. ఇంజను వేడికి లక్క కరిగిపోయింది. చుక్కమ్మ పెట్టిన పసుపు, కుంకుమ కూడా అందులోనే కలిసి కారిపోతున్నాయి. గొళ్లెం దానంతటదే తెరుచుకుంది.

బండిని ఎడ్లు లాక్కొచ్చి ఆఫీసు ముందు నిలబెట్టాయి. గుడ్లగూబ గారు బయటికి వచ్చి ముక్కుతో గొళ్లెం తడిమారు. మళ్లీ తడిమారు.

"సీలు లేదు," అన్నారు.

"కరిగిపోయిందండి! ఇంజను వేడికి కరిగింది. ఇంజను ఎందుకు వేడెక్కిందంటే మీ గొట్టం చీలింది!"

"గొట్టం మాదే, ఒప్పుకుంటున్నాను. మీరు వేసుకున్న పైపుకీ దీనికీ సంబంధం లేదు, అదీ ఒప్పుకుంటున్నాను. గొట్టానికి గ్యారంటీ ఉంది. కానీ ఆ గ్యారంటీ సీలులో ఉంది. సీలు కరిగింది."

"దాన్ని కాపాడటానికేనండీ నేను బండిని కాలనిచ్చింది!"

"మీలాంటి ఖాతాదారులు ఉండబట్టే కంపెనీ నిలబడుతోంది," అన్నారు గుడ్లగూబ గారు. నిజంగా మెచ్చుకునే అన్నారు.

ఇంతలో కొండప్ప వచ్చాడు. పర్మిట్ వచ్చిందన్న సంతోషంలో దిగేటప్పుడు ఒళ్లు తెలియకుండా తోలాడేమో, దుమ్మంతా లోపలికి దూరి ఇంజను పూర్తిగా పట్టేసింది. ఇంటికెళ్లి గడ్డిమోపులోంచి బానెట్ తీసుకొచ్చి అడవితీగతో బండికి కట్టి, ఎడ్లతో లాగించుకుని మరీ వచ్చాడు. కట్టు సరిగా లేక అది ఒక పక్కకి వేలాడుతోంది.

గుడ్లగూబ గారు ముక్కుతో తడిమారు. లక్క నున్నగా, చల్లగా, కొన్ననాటిలాగే తగిలింది. ఆయన ముఖం వెలిగిపోయింది.

"బండిని ఇంత శ్రద్ధగా చూసుకునేవాళ్లు అరుదు. కొత్త ఇంజను వేసివ్వండి!"

బుచ్చెన్న నోరు తెరిచాడు. చుక్కమ్మ ఆయన చెయ్యి పట్టుకుని అక్కణ్ణుంచి తీసుకెళ్లిపోయింది.

పనికిరాని బండిని కనుమ మొదట్లో రోడ్డు పక్కన వదిలేశారు. ఇద్దరూ ఇంకా అందులోనే ఉంటున్నారు. లోపలి ఇంజను పీకి పారేశాక బానెట్ కింద బోలెడంత చోటు మిగిలింది. ఇప్పుడు అక్కడ గడ్డి పరుచుకుని చుక్కమ్మ కాళ్లు బారజాపుకుని పడుకుంటుంది. నిద్ర మాత్రం పట్టదు. కొండప్ప టాక్సీ రాత్రింబవళ్లు ఆ పక్కనే మోత పెడుతూ పోతుంటుంది.

మొన్న చిలుక వచ్చి వాలింది. "అన్నా, ఇది ఇప్పుడు కారు కాదు కదా, ఇల్లు. ఇళ్లకి మా కంపెనీ కొత్తగా గ్యారంటీ మొదలెట్టింది అన్నా. తలుపు మీద చిన్న సీలు వేస్తాం. మీరు లోపలికి వెళ్లకుండా ఉంటే చాలు అన్నా!"

ఈసారి ముళ్లు చుక్కమ్మవి లేచాయి. చిలుక ఎగిరిపోయింది. బుచ్చెన్న మాత్రం అది వెళ్లిన వైపే చూస్తూ, "ఎన్ని వర్షాకాలాలకో కనుక్కోవలసిందే," అన్నాడు.

నీతి: బండిని రోడ్డు మీద తిప్పండి, గ్యారంటీని ఇంట్లో గడ్డిమోపులో దాచండి, రెండూ ఒకే చోట ఉంటేనే ప్రమాదం.