కోడలు తెచ్చే మరకలు

మామగారి మీద కోడలికి ఉన్న ఫిర్యాదు ఒక్కటే: ఆయన ఎవరినీ ఇబ్బంది పెట్టరు. కిటికీ పక్క కుర్చీలో కూర్చుంటారు. పెట్టినదాంట్లో రెండు ముద్దలు తిని, మిగిలినదాన్ని కంచంలో ఓ పక్కకి సర్ది, చెయ్యి కడుక్కుంటారు. ఎలా ఉందని అడిగితే బాగుందంటారు. కూరలో ఉప్పు వెయ్యడం మరిచిపోయిన రోజు కూడా బాగుందనే అన్నారు. ఇంత మంచి మనిషితో ఏ కోడలు మాత్రం వేగగలదు?

అత్తగారు పోయి నాలుగు నెలలైంది. అంతకుముందు ఆయన ఇలా ఉండేవారు కాదు. ముప్ఫై ఏళ్ళు ఆసుపత్రి లాండ్రీలో పనిచేసి రిటైరైన మనిషి. అదే ఆసుపత్రిలో నర్సు అయిన కోడలు కాపురానికి వచ్చిన నాటినుంచీ, ఆమె తెల్ల యూనిఫారం మీద ఇంకొకరి చెయ్యి పడనిచ్చిన పాపాన పోలేదు. దానికి వేరే బకెట్టు. ఇంటి బట్టలు దాని ఛాయలకి కూడా రాకూడదు. రక్తం మరకకి చన్నీళ్ళే వాడాలి. వేడినీళ్ళు తగిలాయా, అది అక్కడే కాపురం పెట్టేస్తుంది. ఆరేసినా ఇస్త్రీ చేసినా తిరగేసే చెయ్యాలి. ఈ శాస్త్రమంతా రోజూ కొత్తగా విన్నట్టు వినే ఓపిక అత్తగారికి ఒక్కరికే ఉండేది. ఆవిడ పోయాక బకెట్టు బోర్లా పడింది. కోడలు తన యూనిఫారం తనే ఉతుక్కుంటోంది. ఆ ఉతుకు చూసి కూడా ఆయన ఏమీ అనకపోయేసరికి ఆమెకి గుండెల్లో రాయి పడింది. అప్పటికే ఆయన బెల్టుకి రెండుసార్లు కొత్త చిల్లు పొడవాల్సి వచ్చింది. కొడుకు లారీ డ్రైవరు. వారానికోసారి ఇంటికొచ్చి, తండ్రి పక్కన కాసేపు కూర్చుని, తనూ ఆ కిటికీలోంచే చూసి, లేచి వెళ్ళిపోయేవాడు.

అలా ఉండగా ఒకరోజు వార్డులో ఎవరో రోగి చెయ్యి తగిలి అయోడిన్ సీసా ఆమె మీద ఒలికింది. ఇంటికొచ్చి దాన్ని ఏం చెయ్యాలో తోచక నిలబడితే, మామగారు కుర్చీలోంచి కాసేపు చూసి, లేచారు. నిమ్మకాయ అడిగారు. బకెట్టు వెల్లకిలా పెట్టారు. గంటన్నర తంటాలు పడి మరకని వదిలించి, ఆ పూట కంచం ఖాళీ చేశారు. మర్నాడు యూనిఫారం శుభ్రంగా వచ్చింది. ఆయన మళ్ళీ రెండు ముద్దలకి దిగారు.

ఆ పై పొద్దున టిఫిను డబ్బాకి మూత పెడుతూ కోడలు ఒక నిర్ణయానికి వచ్చింది. మరకలు వాటంతట అవి పడకపోతే, పడేలా చూడాలి. ఇంట్లో కుదరదు, ఆయన కళ్ళ ముందే ఉంటారు. అందుకని సంచిలో రోజుకో రకం సీసా పెట్టుకుని వెళ్ళి, డ్యూటీ దిగాక నర్సులు బట్టలు మార్చుకునే గదిలో యూనిఫారం విప్పి మడతపెట్టి, మొక్కకి నీళ్ళు పోసినంత శ్రద్ధగా పోసేది. ఏ వైద్యగ్రంథంలోనూ లేని లెక్క ఆమెకి పది రోజుల్లో వంటబట్టింది. టీ మరకకి మూడు ముద్దలు. సిరాకి అరకంచం. అయోడిన్‌కైతే రెండోసారి కూడా వడ్డించుకుంటారు.

పదకొండో రోజున కొత్తగా చేరిన నర్సు తలుపు సందులోంచి ఇది చూసింది. చూసి ఊరుకోలేదు. సీనియరు సొంత బట్టల మీద మందు పోసుకుంటోందని పక్క వార్డులో చెప్పింది. పది రోజులుగా ఆమె మరకల మడత సంచిలో పెట్టుకుని వెళ్ళడం అక్కడివాళ్ళూ చూశారట. అక్కడినుంచి పై అంతస్తుకి వెళ్ళేసరికి, పోసుకుంటూ తనలో తను మాట్లాడుకుంటోందన్నారు. అత్తగారు పోయిన దిగులు తలకెక్కిందన్నారు. కిందికి దిగి క్యాంటీను చేరేసరికి ఆ సీసా ఆమె తాగేసింది కూడా.

నర్సింగు సూపరింటెండెంటు పిలిపించి అడిగింది. నిజం చెబితే లాండ్రీవాళ్ళకి తెలుస్తుంది. లాండ్రీవాళ్ళకి తెలిస్తే మామగారికి తెలుస్తుంది. ఆయన మళ్ళీ కుర్చీ ఎక్కితే ఇక దిగరు. అందుకని కోడలు, చెయ్యి జారింది మేడం, అంది.

"పదకొండు రోజులా?"

"రోజూ జారుతోంది మేడం."

చెయ్యి జారే మనిషి ఇంజక్షన్లు ఇవ్వకూడదు కదా. ఆమెని వార్డులోంచి తీసి రికార్డుల గదిలో వేశారు. రోగుల దగ్గరికి వెళ్ళనివ్వకపోయినా, సాయంత్రం కంచం గుర్తొచ్చి, అక్కడ దొరికిన సిరాబుడ్డితోనే పని కానిచ్చింది. మూడో రోజు సూపరింటెండెంటే స్వయంగా వచ్చి చూసింది. ఒక చేతిలో బుడ్డి, ఒక చేతిలో మడత. ఇక అడగడానికి ఏముంది? పిచ్చి డాక్టరుకి చూపించాలి, ముందు ఇంటివాళ్ళకి చెప్పాలి అనుకున్నారు. భర్త ఎక్కడో లారీ తోలుతూ ఫోను ఎత్తలేదు. గుమాస్తా ఇంటికి ఫోను చేసి, మీ కోడలికి బాగోలేదు, వెంటనే రండి అని మాత్రం చెప్పి పెట్టేశాడు.

అత్తగారు పోయిన నాటినుంచీ ఆసుపత్రి గేటు తొక్కని మామగారు ఇరవై నిమిషాల్లో వచ్చారు. కాళ్ళకి ఒకటి తన చెప్పు, ఒకటి కొడుకుది. మోచేతులదాకా సబ్బు నురగ ఆరి పొలుసులు కట్టింది. గదిలో ఇంకెవరున్నదీ చూడకుండా కోడలి దగ్గరికి వచ్చి, "ఆయాసంగా ఉందా అమ్మాయ్?" అన్నారు.

"నాకేం కాలేదు మామయ్యగారూ."

ఆయన మళ్ళీ అదే అడిగారు. మూడోసారి కూడా అడిగాక, సూపరింటెండెంటు ఆయన్ని కూర్చోబెట్టి, సంగతంతా మెల్లిగా చెప్పి, బల్ల మీది యూనిఫారం చూపించింది. ఆయన దాన్ని విప్పి, అలవాటు చొప్పున వెలుతురుకి పట్టి చూశారు.

"తెలుసమ్మా. ఒంటి మీద పడిన మరకైతే కిందికి జారుతుంది. ఇది మడత మీద పోసింది, పొరపొరలోనూ ఒక్క చోటే దిగింది. మొదటి వారమే చూశాను."

కోడలు ఉండబట్టలేక అడిగింది. "తెలిసీ ఎందుకు ఉతికారు?"

"అంత కష్టపడి పోసుకొస్తున్నావు, ఏమంటాను? నువ్వు చూస్తుంటావని తినేవాణ్ణి. ముద్ద దిగేది కాదు."

పద్నాలుగు రోజుల లెక్క ఆమె కళ్ళ ముందే కొట్టుకుపోయింది. బకెట్టు దగ్గర కూర్చుంటే మీకు మనసు మళ్ళుతుందనుకున్నానని గొణిగింది.

ఆయన యూనిఫారం మళ్ళీ మడతపెట్టారు. అంచుకి అంచు కలిసిందో లేదో చూసుకున్నారు. అప్పుడన్నారు.

"ఆ బకెట్టు దగ్గరే ఉన్నాం ఆ రోజు. మీ అత్త ఆయాసంగా ఉందంది. దుప్పట్లు సబ్బులో ఉన్నాయి, జాడించి ఆరేసి వెళ్దాం, లేకపోతే పాడైపోతాయి అన్నాను. సరేనంది. ఒక కొస తనే పట్టుకుని పిండింది కూడా. ఆఖరి దుప్పటి తీగ మీద వేశాక ఇక్కడికి తీసుకొచ్చాను." మడతని ఒళ్ళో పెట్టుకున్నారు. "తప్పు నాదమ్మాయ్. ఎవరికీ చెప్పలేదు. నాదే తప్పు."

కోడలు వచ్చి ఆయన కుర్చీ పక్కన నేల మీద కూర్చుంది. ఆయన చేతుల మీది ఎండిన సబ్బుని చీర చెంగుతో తుడవసాగింది.

"ఇవాళ మాత్రం బట్టలు సబ్బులోనే వదిలేసి వచ్చాను," అన్నారు ఆయన.

సూపరింటెండెంటు కళ్ళజోడు తీసి, చాలాసేపు తుడిచి, పెట్టుకుని, కోడలికి మూడు రోజుల సెలవు కాగితం తీసింది. ఇద్దరిలో ఎవరి జబ్బు రాయాలో తేలక, కారణం అన్న చోట "బట్టలు ఆరలేదు" అని రాసి సంతకం పెట్టింది. బయట ఎండ మండిపోతున్నా, ఆఫీసులో ఎవరూ అభ్యంతరం చెప్పలేదు.