క్రియ చివర రావడం ఎంత మంచిదో!

వాక్యంలో క్రియను తోక దగ్గర దాచిపెట్టే మా డచ్ పద్ధతిని మించిన వరం లోకంలో లేదు!

నవ్వకండి. చిన్న మాటల్లో మా క్రియ ముందే వస్తుంది. "నాకు తెలుసు" అంటే అక్కడికి సరి. ఆ తెలిసిందేమిటో చెప్పడానికి మాటలో ఇంకో మాట దూర్చామా, దాని క్రియ పోయి చిట్టచివర కూర్చుంటుంది. ఊరి బడిలో మాస్టారు నాకు బెత్తంతో నేర్పింది ఇదొక్కటే.

లాభాలు చూడండి. మొగుడి మాటను పెళ్లాం మధ్యలో తుంచలేదు. తాగానంటాడో, మానేశానంటాడో చివరిదాకా తెలియదు కదా! చర్చిలో కునుకు తీసినవాడు ఆఖరి మాటకు లేచినా చాలు, పాపాలు ఉన్నాయో పోయాయో తెలిసిపోతుంది!

మా ఆవిడ గేస్కె మాత్రం నా క్రియలన్నీ ముందే అందించేది. ఇప్పుడు ఆమె సమాధి దగ్గర నిలబడి నా వాక్యాలు నేనే పూర్తిచేసుకుంటున్నాను.

మా దేశంలో సమాధి కూడా అద్దెదే. గడువు తీరితే పొడిగించాలి, లేకపోతే ఆ చోటు ఇంకొకరిది. గేస్కె గడువు తీరింది. పొడిగించమని అడిగాను. ఈలోగా ఆ వరుస మొత్తం ఖాళీ చేస్తారని పుకారు లేచింది. మొన్న ఊరి హాల్లో మీటింగ్ పెట్టారు.

తలా ఒక కాఫీ, తలా ఒక బిస్కెట్. మునిసిపాలిటీ అధికారి హిల్లెన్ అనే ఆవిడ లేచింది.

"మేము అనుకునేదేమిటంటే, ఆ వరుసలోని సమాధులను, మీ ప్రేమను మనసులో పెట్టుకుని, ఎంతో గౌరవంగా, ఒక్క పువ్వు కూడా నలగకుండా..."

ఇక్కడ ఆగి కాఫీ ఒక గుటక వేసింది.

"చూశావా, ఎంత మంచావిడో! ఊరికే కంగారుపడ్డావురా," అన్నాడు పక్కనున్న హార్మ్.

అందరూ తలూపారు. నేనూ ఊపాను. మా హాల్లో చేతులెత్తడాలు లేవు. తలలు ఊగితే అధ్యక్షుడు సుత్తి కొడతాడు, తీర్మానం అయినట్టే. కొట్టాడు.

ఆవిడ గుటక మింగింది. "...తవ్వి తీసేయాలని."

నేను లేచాను. "అమ్మా, మేం ఒప్పుకోలేదు!"

"సుత్తి పడిందండీ డైకెమా గారూ. మీరూ తలూపారుగా, చూశాను."

"క్రియ రాకముందు ఊపానమ్మా!"

"అయితే ఆగి ఊపాల్సిందండీ."

హార్మ్‌తో ఇక మాట్లాడను. వాడి పెళ్లాం వేరే వరుసలో ఉంది.

అయినా వరం వరమే. ఆవిడ గొంతులో కాఫీ దిగేంతసేపు, ఆ హాలు హాలంతా తలూపుతుండగా, నా గేస్కెకు భూమ్మీద శాశ్వతంగా చోటు దొరికింది. అంతసేపైనా ఇంకే భాష ఇస్తుంది చెప్పండి!