తీర్మానం ప్రకారం ఏడుపు

సాంటా రుఫీనా పురపాలక సంఘం తన పద్నాలుగో తీర్మానం ద్వారా, ఊరి సాహిత్యంలో పరాయి పాలన వాసన ఎక్కడున్నా తొంభై రోజుల్లోగా తొలగించవలసిందిగా ఇందుమూలంగా ఆదేశించింది. స్వాతంత్ర్యం వచ్చి పాతికేళ్ళే అయింది కాబట్టి ఇందులో ఆలస్యమేమీ లేదని సభ్యులు భావించారు. తీర్మానం ఇంగ్లీషులో ఉంది. మన ఊరి భాష ఇలోకానోలో రాస్తే చట్టం ముందు నిలబడదని వకీలు చెప్పాడు. ప్రతిపాదించినవారు శ్రీ రబనాల్, బలపరచినవారు శ్రీ రమిల్, చప్పట్లు కొట్టినవారు రసేలిస్, రబాగో, రాసోస్ గార్లు. మా ఊళ్ళో అందరి ఇంటిపేర్లూ ఒకే అక్షరంతో మొదలవుతాయి. నూట ఇరవై ఏళ్ళ కింద స్పెయిన్ గవర్నరుగారు ఇంటిపేర్ల పుస్తకంలోంచి ఆ ఒక్క కాగితమే మాకు పంపారు. తక్కిన అక్షరాలు పక్క ఊళ్ళవాళ్ళు వాడుకుంటున్నారు. ఫాదర్ గారు తీర్మానం మీద పవిత్ర జలం చల్లాక సభ ముగిసింది.

ఈ బృహత్కార్యం ప్రొఫెసర్ పొన్సియానో రగాసా గారి నెత్తిన పడింది. ఆయన అర్హతలు ఎవరూ కాదనలేనివి. మనీలా పత్రికల్లో నలభై ఇంగ్లీషు పద్యాలు అచ్చువేయించారు. వాటిలో పదకొండు మంచు మీద, ఏడు ఆకురాలు కాలం మీద. మంచును ఆయన చేపల బజారులో తప్ప చూసింది లేదు. మా ఊరి చెట్లకు ఒక్కసారిగా ఆకులు రాల్చే తీరికా లేదు. చిన్నప్పుడు, స్పెయిన్ వాళ్ళ తర్వాత మమ్మల్ని ఏలిన అమెరికా దొరలు పెట్టిన బడిలో, ఇలోకానో మాట్లాడిన పిల్లల మెడలో చెక్క పలక వేలాడదీసేవారు. అలాంటి నేరస్థులను పట్టిచ్చే లీడరు పొన్సియానోయే. ఒకరోజు కలలో ఇలోకానో మాట్లాడానని తనమీద తనే ఫిర్యాదు చేసుకుంటే, టీచరమ్మ మెచ్చుకుని పలకను ఒక్క పూటతో సరిపెట్టింది. అంత నిజాయితీపరుడు.

ఆయనకున్న లోటు ఒకటే. ఆ నలభైలో ఒక్క పద్యాన్నీ ఊళ్ళో ఎవరూ చదవలేదు. తొమ్మిదో ఏట తల్లి పోతే ఆయన్ని పెంచింది మేనత్త సెవెరీనా. పద్యం పడ్డ పత్రిక తెచ్చి చేతిలో పెట్టినప్పుడల్లా ఆమె "కాగితం గట్టిగా ఉందిరా" అని, మర్నాడు అందులో ఎండుచేపలు చుట్టేది. ఆమె నోటివెంట ఒక్కసారి "బాగుందిరా" అన్న మాట వినాలని ప్రొఫెసర్ గారి కోరిక. డాక్టరేటు మీద ఆశ కూడా దీని తర్వాతే.

మా ఊరి సాహిత్యమంటే ఏటా మే నెల తిరునాళ్ళకు ఆడే నాటకం. అల్బేనియా రాకుమారుడు పర్షియా సుల్తాను కూతుర్ని ప్రేమిస్తాడు, యుద్ధమవుతుంది, సుల్తాను ఓడి బాప్తిస్మం పుచ్చుకుంటాడు. అల్బేనియా ఎక్కడుందో మాకు తెలియదు. ఏరు దాటాక నాలుగో ఊరని కొందరి నమ్మకం. సుల్తాను వేషం రాసోస్ వాళ్ళింటిది. ఆ ఇంటి పెద్దాయన ఇప్పటికి నలభై రెండుసార్లు క్రైస్తవుడయ్యాడు, ఒక్కసారీ నిలకడగా ఉండలేదు. వేషగాళ్ళెవరూ మాటలు కంఠస్థం చెయ్యరు. తెర వెనక నిలబడి సెవెరీనా ఒక్కో చరణం అందిస్తుంది, వేషగాడు తెర ముందు దాన్నే గొంతు చించుకుని చెబుతాడు. ఆమె ఏమంటే అదే. ఒక ఏడాది ఆమెకు దగ్గు వస్తే రాకుమారుడూ దగ్గాడు, రాకుమారీ దగ్గింది. అది నాటకంలో కలిసిపోయింది. ఇప్పటికీ ఆ చోట దగ్గుతారు.

ప్రొఫెసర్ గారు ఎర్ర పెన్సిలు పట్టుకుని కూర్చున్నారు. రాజు, రాణి, కిరీటం కొట్టేశారు. గుర్రాలు ఓడల్లో వచ్చినవి కాబట్టి గుర్రాలూ పోయాయి. బాండు మేళం, గిటారు, అద్భుతం చేసే దేవదూత, ఒకరి వెనక ఒకరు వెళ్ళిపోయారు. ప్రేమ సంగతి సంఘం రెండు రోజులు చర్చించింది. మోకాళ్ళ మీద కూర్చుని ప్రేమించడం స్పెయిన్ వాళ్ళదనీ, నిలబడి ప్రేమించడం మనదేననీ తేలింది. అన్నీ పోగా చివరికి దగ్గు మిగిలింది.

అసలు మనది అనేది ఏది, అన్న ప్రశ్న పుట్టింది. దానికి జవాబు తెలిసినవాడు అమెరికాలో ఉంటాడన్న విషయంలో మాత్రం ఎవరికీ సందేహం లేదు. డాక్టర్ ట్రాస్క్ అనే పండితుడు ఇలోకానో పాటల మీద ఏడువందల పేజీల పుస్తకం రాశాడు. తెప్పించారు. అందులో శవం దగ్గర ఆడవాళ్ళు పాడే ఏడుపు పాట ఒకటి ఇంగ్లీషులో దొరికింది, పదహారు పాదాలు. ప్రొఫెసర్ గారు దాన్ని తిరిగి ఇలోకానోలోకి దించి, దాని చుట్టూ ఒక నాటకం అల్లి, ఎవరూ వాడని మాటలు నిఘంటువులో వెతికి మరీ స్వచ్ఛం చేశారు.

ఆ కాగితాలు ఆయన రెండు చేతులా పట్టుకెళ్ళి అత్తకు ఇచ్చారు. ఆమె బియ్యంలో రాళ్ళు ఏరడం ఆపి, పెదవులు కదుపుతూ చదువుకుంటూ పోయి, ఏడుపు పాట దగ్గర ఆగింది.

"ఇది నేను చెప్పిందే కదరా," అంది.

"కాదత్తా. డాక్టర్ ట్రాస్క్ గారిది."

"ఆ పొడుగాటి తెల్లాయనేగా? నువ్వప్పుడు ఇంతున్నావు, మీ అమ్మ ఇంకా ఉంది. నెల్లాళ్ళు మనింట్లో తిన్నాడు, పులిసిన కల్లులో ముంచుకు తినే వంకాయంటే ప్రాణం పెట్టేవాడు. ఏడుపు పాట చెప్పమని ఒకటే నస."

"చెప్పావా మరి?"

"శవం లేందే ఏడుపు ఎక్కణ్ణించి వస్తుందిరా? పొయ్యి మీద అన్నం మాడిపోతోంది. నోటికొచ్చిన నాలుగు ముక్కలు చెప్పి పంపించేశా. రాసుకున్నాడు పాపం, చెమటలు కక్కుకుంటూ."

ప్రొఫెసర్ గారు పుస్తకం చివరి పేజీలు తిరగేశారు. పాట అందించినవారు, పేరు నమోదు కాని ఒక పల్లెటూరి స్త్రీ అని ఉంది. ఆయన ఆ వాక్యం మీద వేలు పెట్టి మరోసారి చదివి, పుస్తకం మూసేశారు.

"అచ్చయిపోయిందత్తా," అన్నారు. "ఇప్పుడు మార్చడానికి లేదు. నువ్వు ఇందులో ఉన్నది ఉన్నట్టు అందించు."

"అందిస్తాలే. నాదేం పోయింది."

తిరునాళ్ళ ఆదివారం మధ్యాహ్నం నాటకం మొదలైంది. మనీలా నాటక పోటీ తరఫున ఇద్దరు న్యాయనిర్ణేతలు వచ్చి, డాక్టర్ ట్రాస్క్ పుస్తకం ఒళ్ళో పెట్టుకుని ముందు వరసలో కూర్చున్నారు. వాళ్ళు ఊఁ అంటే నాటకం మనీలా వెళుతుంది, ప్రొఫెసర్ గారికి నేలతల్లి కవి అన్న బిరుదు వస్తుంది. మొదటి రెండు అంకాలను జనం లాటిన్ పూజ విన్నంత భక్తితో విన్నారు, అంటే ఏమీ వినలేదు. పిల్లలు నిద్రపోయారు. పెద్దలు పిల్లల్ని చూసి అసూయపడ్డారు.

అప్పుడు ఏడుపు ఘట్టం వచ్చింది. రమిల్ గారి కోడలు శవం పక్కన కూలబడింది. తెర వెనక నుంచి సెవెరీనా మొదటి పాదం అందించింది, కోడలు చెప్పింది. రెండోది అందించింది, చెప్పింది. మూడోది రాలేదు. కాసేపటికి ఆమెదే వేరే గొంతు వచ్చింది, లోపల ఎక్కడో నుంచి.

"లేవే వదినా. పొద్దెక్కింది, పొయ్యి రాజెయ్యలేదు. నీ కొడుకు గుమ్మంలో నిలబడ్డాడే. అన్నం నువ్వు కలిపితేగాని తినడు, వాడికి ఏం చెప్పమంటావు? చేపలకు వెళ్ళావని చెప్పనా? ఎన్నాళ్ళని చెప్పనే?"

నాటకంలో చచ్చింది తల్లి అయితే వదినా అంటుందేమిటని రమిల్ గారి కోడలు ఆలోచించలేదు. అందించిన మాట అందించినట్టు చెప్పడం మా ఊళ్ళో పుట్టుకతో వచ్చే విద్య. చెబుతూ చెబుతూ ఆమే నిజంగా ఏడ్చింది. జనం ఏడ్చారు. ఈసారి వేషం పోగొట్టుకుని మూల కూర్చున్న సుల్తాను రాసోస్ అందరికన్నా గట్టిగా ఏడ్చాడు. ప్రొఫెసర్ గారు ఆ గుమ్మంలో మళ్ళీ నిలబడ్డారు, తొమ్మిదేళ్ళవాడై, ఆకలితో. ఆ దుఃఖానికి ఇంగ్లీషులో ఏ మాటా తోచలేదు, తోచలేదన్న సంగతి కూడా గమనించలేదు.

న్యాయనిర్ణేతలు మాత్రం ఏడవలేదు, పేజీలు తిప్పుతున్నారు. నాటకం అయ్యాక వారిలో పెద్దాయన ప్రొఫెసర్ గారిని వేదిక మీదికి పిలిచి, మైకులోనే ఇంగ్లీషులో అడిగారు. ఏడుపులో మొత్తం నలభై ఒక్క తప్పులున్నాయి. మూలంలో వదిన ప్రస్తావన లేదు, అన్నం అసలే లేదు. తెర వెనక ఉన్న ముసలావిడకు మూలం తెలుసా?

మూలం ఆవిడేనండీ, అన్న మాట ప్రొఫెసర్ గారి గొంతు దాకా వచ్చింది. కానీ అది ఇలోకానోలో వచ్చింది. ఎదురుగా మైకు, పక్కన మనీలా, కింద ఊరంతా. మెడకు ఏదో బరువుగా తగిలినట్టయి ఆయన ఇంగ్లీషులోకి దిగారు, ఇరవై నిమిషాలు మాట్లాడారు. పరాయివాడు అందించిన మాటలు పలికే రోజులు పోయాయన్నారు. మన గొంతు మనకు తిరిగి వచ్చిందన్నారు. అందించిన స్త్రీ వయసు పైబడి మతిమరుపులో పడిందని విచారం ప్రకటించి, వచ్చే ఏటి నుంచి డాక్టర్ ట్రాస్క్ గారి పాఠాన్ని అక్షరం పొల్లుపోకుండా పాటిస్తామని హామీ ఇచ్చారు. న్యాయనిర్ణేతలు లేచి చేయి కలిపారు. బహుమతి ప్రకటించారు. పురపాలక సంఘం అక్కడికక్కడే పదిహేనో తీర్మానం చేసి, సెవెరీనా రగాసాను సకల గౌరవాలతో ఆ బాధ్యత నుంచి తప్పించింది. ఆమెకు యోగ్యతాపత్రం కూడా ఇచ్చారు, ఇంగ్లీషులో.

ఆయన తల దించుకుని తెర వెనకకు వెళ్ళారు. అత్త అక్కడే స్టూలు మీద కూర్చుని ఉంది. తను పెంచిన పిల్లాడు ఊరందరి ముందు ఇంగ్లీషు మాట్లాడటం వినడం ఆమెకు అదే మొదటిసారి. చేతిలో యోగ్యతాపత్రం తలకిందులుగా పట్టుకుంది. కళ్ళు ఇంకా తడిగానే ఉన్నాయి. ఆయన బుగ్గ నిమిరింది.

"ఎంత బాగుందిరా," అంది. "ఒక్క ముక్క అర్థమైతే ఒట్టు."

మా దేశంలో రచయితకు ఇంతకు మించిన మెచ్చుకోలు లేదు. మీ దగ్గర ఎలాగో నాకు తెలియదు.