నిశ్శబ్దానికి ఒక వత్తు

మా ఆయన్ని చూస్తే తలుపు కూడా భయపడదు. కాళ్ళు తుడుచుకుని, గొంతు సవరించుకుని, అప్పుడు తడతారు. అదీ సొంత ఇంటి తలుపు. అచ్చాఫీసులో ప్రూఫులు దిద్దడం ఆయన ఉద్యోగం. అక్షరం పొల్లు పోనివ్వరని అక్కడ అందరూ ‘పొల్లు మాస్టారు’ అంటారు.

ఇలాంటి మనిషి జేబుల్లోంచి నేను నాలుగేళ్ళుగా హత్యలు తీస్తున్నాను.

ఆయన అటు వెళ్ళగానే ఇటు నేను ఒక మగపేరుతో డిటెక్టివ్ కథలు రాసి వారపత్రికకి పంపుతుంటాను. ఆయన లెక్కలో నేను అక్కయ్యకి ఉత్తరాలు రాస్తున్నాను. నిజంగా అన్ని ఉత్తరాలు వెళ్ళి ఉంటే అక్కయ్య ఈపాటికి చిరునామా మార్చేసేది.

సరుకంతా ఆయనదే. ఒకసారి మండుటెండలో తడిసిన గొడుగుతో వచ్చారు. ఒక కథ. ఇంకోసారి ఏ తాళానికీ పట్టని తాళంచెవి ఆయన ప్యాంటు జేబులో దొరికింది. రెండు కథలు. ఎడమచేతి తొడుగు ఒక్కటే దొరికినప్పుడు ముగ్గురు చచ్చారు. ఏమిటివని నేనెప్పుడూ అడగలేదు. సంగతి తెలిస్తే కథ పాడవుతుంది.

పోయిన నెల చొక్కా జేబులో చీటీ దొరికింది. వంకర టింకర అక్షరాలు. ‘మంగళవారం నాలుగింటికి స్టేషన్ గడియారం కింద. ఒంటరిగా రా. మీ ఆవిడకి అనుమానం రాకూడదు.’

ఈసారి కథ తట్టలేదు. ఆ ఆవిడని నేనే కదా.

భోజనాల దగ్గర ఏమీ ఎరగనట్టు అడిగాను. “మంగళవారం పెందలాడే వస్తారా?”

“చెప్పలేను. పనుంది.”

“ఏం పని?”

“పనంటే పనే. ఆ గిన్నె ఇటు జరుపు.”

గిన్నె జరిపాను. ఇరవై రెండేళ్ళ కాపురం కూడా దాంతోపాటు కాస్త జరిగినట్టనిపించింది.

మర్నాడు కిటికీ దగ్గర కూర్చుని చీటీని వెలుతురులో పెట్టి చూశాను. ‘అనుమానం’లో ‘మా’ జారిపోతే, ఆ చోట హంసపాదు వేసి పైన ‘మా’ రాసి ఉంది. అక్షరం తప్పిపోయినచోట ప్రూఫులు దిద్దేవాళ్ళు పెట్టే గుర్తది. దొంగ ఉత్తరంలో కూడా తప్పు దిద్దకుండా ఉండలేని మనిషి నాకు తెలిసి ప్రపంచంలో ఒక్కరే ఉన్నారు.

గొడుగు తడిసింది కుళాయి కిందన్నమాట. కాగితం ముందు నేను కలం కొరుకుతూ కూర్చున్నప్పుడల్లా ఆ జేబులోకి ఏదో ఒకటి వచ్చి పడింది. గుమ్మం దగ్గర ఆయన పాత చెప్పులున్నాయి. మహాపర్వతాన్ని చూసినట్టు వాటికేసి చాలాసేపు చూస్తూ ఉండిపోయాను.

అయినా పట్టుకున్నది నేనే కదా. ఊరుకుంటానా? ఆ సంగతే కథగా రాశాను. భర్త గుట్టు హంసపాదుతో బయటపెట్టిన మేధావి భార్య కథ. ఆవిడ తెలివిని పొగడడానికే రెండు పేజీలు పట్టింది.

రెండు వారాలకి, ఎన్నడూ లేనిది, ఆ కథ ప్రూఫు నాకు పోస్టులో వచ్చింది. దిద్దేవారికి ఒక సందేహం ఉందట. పక్కన ఎర్రసిరాతో, ముత్యాల్లాంటి అక్షరాలు: ‘రచయిత గమనించాలి. ఆ హంసపాదు భర్త కావాలనే వేశాడేమో? పాపం, భార్యకి ఆ నెల కథ దొరకాలి కదా.’

‘రచయిత’లోని ‘త’ కొట్టేసి, పైన ‘త్రి’ అని దిద్ది ఉంది.

సాయంత్రం తలుపు తట్టారు. తీసి, ప్రూఫు ముందుకు చాపాను. “ఎప్పట్నుంచి తెలుసు?”

“మొదటి కథ నుంచీ. ఆ పత్రిక మా దగ్గరే అచ్చవుతుంది. చివరి పేజీలో అడుగున చిన్నక్షరాల్లో మా అచ్చాఫీసు పేరుంటుంది, డిటెక్టివ్‌గారు చూళ్ళేదా?”

“మగపేరు పెట్టాను కదండీ.”

“పేరుదేముంది. పెళ్ళికి ముందు నాకు రాసిన ఉత్తరాల్లోనూ ఇదే తప్పు. కథకి మూడు శవాలిస్తావు గానీ, నిశ్శబ్దానికి ఒక్క శవత్తు ఇవ్వవు. నాలుగేళ్ళుగా నేనే ఇస్తున్నాను.”

ఇంట్లో నిశ్శబ్దం. వత్తుతో సహా.